నటనకు తొలి గురువు ఎవరు: హార్మోనిస్టా, విశ్వవిద్యాలయమా?

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు ప్రాంతాల్లో నాటకం మీద మోజున్న కుర్రవాళ్లూ, వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల తల్లిదండ్రులూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. నటన పద్ధతిగా నేర్చుకోవాలంటే ఊళ్లో పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తూ పద్యాలు నేర్పే హార్మోనిస్టు దగ్గర పద్యం పట్టడం మేలా, హైదరాబాదు వెళ్లి రంగస్థల కళల కోర్సులో చేరడం మేలా?

జీవనోపాధి మాటకొస్తే వాదన అక్కరలేదు, పైచేయి విశ్వవిద్యాలయానిదే. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని రంగస్థల కళల శాఖ కానీ, ఈమధ్యనే మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయం కానీ, ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా కానీ చేతికి ఒక పట్టా ఇస్తాయి. దానితో బోధన వైపు వెళ్లవచ్చు, సీరియళ్ల వైపు, సినిమా వైపు తలుపు తట్టవచ్చు. పద్యనాటకానికి ఆ భరోసా లేదు. జాతరలు, శివరాత్రి జాగరణలు, శ్రీరామనవమి పందిళ్లు ఉన్నన్నాళ్లూ పిలుపులు వస్తాయి, వానాకాలమంతా కిరీటాలు పెట్టెలోనే ఉంటాయి. అందుకే పేరున్న కృష్ణ పాత్రధారుల్లో కూడా పగలు బడిలో పాఠం చెప్పుకొని రాత్రి రంగు వేసుకున్నవారు ఎందరో కనిపిస్తారు.

అయినా నా లెక్కలో ఈ పోటీని తేల్చేది ఉపాధి కాదు, గొంతు. నటుడికి దేహం, ముఖం, చూపు అన్నీ ముఖ్యమే కానీ, వాటిని పాతికేళ్లు దాటాక కూడా మలచుకోవచ్చు. శ్రుతిలో నిలిచే గొంతు, అలవాటుగా అందే ఊపిరి, తడబడని ఉచ్చారణ మాత్రం లేత వయసులో పడితేనే జీవితాంతం నిలుస్తాయి. ఇక్కడే పద్యానికి సాటి వచ్చేది నాకు మరొకటి కనిపించలేదు. శార్దూలంలో పాదానికి 19 అక్షరాలు, 13వ అక్షరం దగ్గర యతి. మత్తేభంలో 20 అక్షరాలు, 14వ అక్షరం దగ్గర యతి. అర్థం మాత్రం పాదం చివర ఆగదు, సమాసం పట్టుకొని తరువాతి పాదంలోకి దూకుతుంది. కాబట్టి ఊపిరి పాదం తెగినచోట కాక, భావం తెగినచోట తీయాలి. మంచి గురువు పద్యాన్ని మొదట రాగం లేకుండా వచనంలా చదివిస్తాడు, సమాసాలు విడగొట్టిస్తాడు, ఊపిరి తీయవలసిన చోట పెన్సిలుతో గీత పెట్టిస్తాడు, ఆ తరువాతే హార్మోనియం మెట్ల మీద వేలు పెడతాడు. హరిశ్చంద్రుడి కాటి సీనులో దుఃఖం గొంతు నిండా ఉండాలి, శ్రుతి మాత్రం వెంట్రుకవాసి జారకూడదు. ఏడుస్తూ శ్రుతిలో ఉండటం ఒక సెమిస్టరులో వచ్చే విద్య కాదు. విశ్వవిద్యాలయంలోనూ వాచికం, అంటే మాటతో చేసే అభినయం, నేర్పుతారు, కానీ లైటింగు, రంగాలంకరణ, మేకప్, నాటక చరిత్ర, దర్శకత్వం మధ్య అది ఒక పాఠ్యాంశం మాత్రమే.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని పీజీ కోర్సుకైనా, నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలోని మూడేళ్ల కోర్సుకైనా ముందు డిగ్రీ ఉండాలి. అంటే ఇంటర్, డిగ్రీ చదివే సంవత్సరాలు నటన నేర్చుకునేవాడికి ఎలాగూ ఖాళీయే, గొంతు తయారయ్యే సంవత్సరాలూ అవే. కన్నడ రంగస్థల దర్శకుడు బి.వి. కారంత్ బాల్యంలోనే గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో చేరారు, కాశీలో హిందుస్తానీ సంగీతం నేర్చుకున్నారు, నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు ఆ తరువాతే వెళ్లారు, చివరికి 1977లో దానికే డైరెక్టరయ్యారు. ఆయన నాటకాల్లో సంగీతం పైపూతగా కాక నాటకానికి ఎముకగా వినిపించడానికి ఆ వరుసే కారణమని నా నమ్మకం.

పద్యనాటకం అంటించే జబ్బులు లేవని కాదు. కాంట్రాక్టు నాటకాల్లో ఒక్కొక్క నటుడు ఒక్కొక్క ఊరి నుంచి వచ్చి మేకప్ గదిలోనే మొదటిసారి కలుసుకుంటాడు, రిహార్సల్ అన్నమాటే ఉండదు. ఒకే కృష్ణ పాత్రను ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. మైకు ముందుకు రావడం, పద్యం ఎత్తుకోవడం, చప్పట్లు పడేదాకా రాగం సాగదీయడం, పక్కకు జరగడం అలవాటైన నటుడు ఎదుటి పాత్ర మాట వినడం మరిచిపోతాడు. రాయబారంలో దుర్యోధనుడు తిడుతుంటే కృష్ణుడు ఉత్తరీయం సర్దుకుంటూ నిలబడటం మనం చూస్తున్నదే. వినడం, ఊరకే నిలబడటం, మౌనంగా ఉండి కూడా పాత్రలో ఉండటం విశ్వవిద్యాలయం బాగా నేర్పుతుంది. పాలమూరు యాసను దాచుకోకుండా వేదిక మీద పలకనిచ్చేది కూడా అక్కడి ఆధునిక నాటకమే, పద్యం ఆ చనువు ఇవ్వదు. అందుకే పద్యం దగ్గరే ఆగిపొమ్మని నేను ఎవరికీ చెప్పను.

ఆడపిల్లల విషయంలో మాత్రం నా తూకం కొంత మారుతుంది. పద్యం ఇంటి దగ్గర నేర్చుకోవచ్చు కానీ, తెల్లవార్లూ సాగే కాంట్రాక్టు నాటకాలకు ఊరూరా తిరగడం నేటికీ కష్టమే కనుక, ప్రదర్శనానుభవం విశ్వవిద్యాలయంలోనే మొదలుకావడం మంచిది.

ఇక మిగిలినవి. 1885లో పుట్టిన సురభి నాటక సమాజం, మన చిందు యక్షగానం చూసి నేర్చుకోదగ్గవే, కానీ అవి ప్రధానంగా కుటుంబాల్లో వారసత్వంగా సాగే విద్యలు. కొద్ది నెలల్లో నటుణ్ణి చేస్తామనే సినిమా శిక్షణ కేంద్రాలతో రంగస్థలానికి పని లేదు.

గురువును వెతుక్కునేటప్పుడు ఒక్కటి చూసుకోవాలి. గొంతు మారే వయసులో ఉన్న అబ్బాయి చేత, మైకులు లేని కాలపు నటుల్లాగా పై శ్రుతిలో పాడించాలని తొందరపడే గురువు ఎంత పేరున్నవాడైనా వద్దు. ఆ ఏడాది రెండేళ్లు తక్కువ శ్రుతిలో పద్యం చదివించి, అర్థం చెప్పించి, రాగాన్ని ఆపి ఉంచే ఓపిక ఉన్నవాడి దగ్గరికే పంపాలి.