ఆస్టిన్ వైల్డ్‌ఫ్లవర్ సెంటర్: టికెట్ కొని మరీ చూడాల్సిన తోట

ఆస్టిన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు మార్చి చివరికల్లా హైవే పక్కన కారు ఆపేసి, బ్లూబానెట్ పూలలో పిల్లల్ని కూర్చోబెట్టి ఫోటోలు తీస్తుంటారు. రోడ్డు పక్కన ఊరికే దొరికే పూలకి, టెక్సస్‌లోని ఈ వైల్డ్‌ఫ్లవర్ సెంటర్ అనే స్థానిక మొక్కల తోటలో టికెట్ ఎందుకు అని చాలామంది అడుగుతారు, ఈ రివ్యూ వాళ్ల కోసమే.

ఆ రోడ్డు పక్క పూలు కూడా ఊరికే రాలేదండీ. టెక్సస్ రవాణా శాఖ ఏటా దాదాపు 30,000 పౌండ్ల గింజలు కొని చల్లుతుంది, పూలు గింజ కట్టేదాకా గడ్డి కోయకుండా ఆగుతుంది. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) డబ్బుతో హైవేల పక్కన మొక్కలు పెంచే పనుల్లో కనీసం పావు శాతం స్థానిక అడవి పూలకి ఖర్చు పెట్టాలని 1987లో చట్టమే వచ్చింది. పావు శాతమంటే చాలా తక్కువ, అయినా పని జరుగుతోంది.

ఈ తోటని అమెరికా మాజీ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ భార్య లేడీ బర్డ్ జాన్సన్ 1982లో, నటి హెలెన్ హేస్‌తో కలిసి మొదలుపెట్టారు, మొదటి స్థలమూ కొంత డబ్బూ లేడీ బర్డే ఇచ్చారు. 1995లో ఇప్పుడున్న చోటికి మారింది, 2006 నుంచి టెక్సస్ యూనివర్సిటీలో భాగం. మొత్తం 284 ఎకరాలు.

నాకు బాగా నచ్చింది, ఇది చూసి వచ్చేసే తోట కాదు, చూసి ఇంట్లో చేసుకునే తోట. మొక్క పక్కనే పేరు ఉంటుంది, అది ఎండలో బతుకుతుందా, నీడలోనా అన్నది కళ్లతోనే చూసుకోవచ్చు. భవనాల పైకప్పుల మీద పడ్డ వాన నీళ్లని పట్టి నిల్వ చేసుకుంటారు. మామూలు లాన్‌కి బదులు తక్కువ నీళ్లతో బతికే స్థానిక గడ్డి రకాలని కలిపి హాబిటర్ఫ్ అని వాళ్లే తయారుచేశారు, ఇంటి ముందు లాన్‌కి నీళ్లు పోసి విసిగిపోయినవాళ్లు దీని గురించి తప్పకుండా తెలుసుకోవాలి.

ఇండియన్ బ్లాంకెట్ అనే ఎరుపు పసుపు పువ్వుని చూస్తే మీరు వెంటనే గుర్తుపడతారు, మన దగ్గర దండలకి వాడే గైలార్డియా అదే! టెక్సస్ రోడ్ల పక్కన ఆవ పూలలా పచ్చగా కనిపిస్తూ బ్లూబానెట్లని మింగేసే బాస్టర్డ్ క్యాబేజీ అనే కలుపు ఉంది. గైలార్డియా గింజలు ఒత్తుగా చల్లితే ఆ కలుపు తగ్గుతుందని ఈ సెంటర్ పరిశోధనలోనే తేలింది. మోనార్క్ సీతాకోకచిలుకల గొంగళిపురుగులు తినే మిల్క్‌వీడ్ కూడా ఇక్కడ చూడొచ్చు, మన జిల్లేడుకి చుట్టమే, తుంపితే అలాగే పాలు కారతాయి.

ఇలాంటి తోట నిలబడాలంటే డబ్బు కావాలి, అందుకే నిధుల గురించి ఒక మాట గట్టిగా చెప్తాను. పార్కుల్లో, లైబ్రరీల ముందు ఇలాంటి చిన్న తోటలు పెట్టడానికి మొదటిసారి డబ్బు ఎవరో ఒకరు ఇస్తారు, రిబ్బన్ కట్ చేస్తారు. రెండో ఏడాది కలుపు తీసేవాళ్లకి, ఊడిన బోర్డులు మార్చడానికి డబ్బుండదు, తోట పిచ్చిమొక్కల దిబ్బ అయిపోతే చూసినవాళ్లు స్థానిక మొక్కలంటే ఇంతే అనుకుంటారు. విరాళం ఇచ్చేవాళ్లు నిర్వహణకని రాసి మరీ ఇవ్వాలి. ఇక్కడ టికెట్లూ సభ్యత్వాలూ విరాళాలూ ఆసరాగా ఉన్నాయి, ఆ తేడా దారుల్లోనే తెలుస్తుంది.

జులైలో వెళ్తే ఎండిన గడ్డీ గింజలే ఎక్కువ, మొదటిసారి అయితే మార్చి చివర నుంచి ఏప్రిల్ మధ్యలో పొద్దున్నే వెళ్లండి. బ్లూబానెట్ ఇంట్లో వేయాలంటే గింజలు చల్లాల్సింది మాత్రం సెప్టెంబర్, నవంబర్ మధ్య.