విద్యాశాఖ: ఒకే మంత్రా, ముగ్గురా, ముఖ్యమంత్రేనా? ఏది మేలు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012-13 నాటికి బడి చదువుకు ఇద్దరు మంత్రులు, కాలేజీ చదువుకు ఒకరు ఉండేవారు. ప్రాథమిక విద్య సాకే శైలజానాథ్‌ది, మాధ్యమిక విద్య కొలుసు పార్థసారథిది, ఉన్నత విద్య ఉపముఖ్యమంత్రి దామోదర రాజనర్సింహది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ ఆ మూడింటినీ ఒక్కరికే ఇస్తూ వచ్చింది: గంటా శ్రీనివాసరావు, ఆదిమూలపు సురేశ్, బొత్స సత్యనారాయణ, 2024 జూన్ నుంచి నారా లోకేశ్. తెలంగాణ కూడా జగదీశ్‌రెడ్డి, కడియం శ్రీహరి, సబితా ఇంద్రారెడ్డిల దాకా అదే దారిలో నడిచింది. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి మాత్రం విద్యను ఎవరికీ ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకున్నారు.

ముగ్గురి నుంచి ఒకరికి రావడం వెనుక విద్యా సిద్ధాంతమేమీ లేదు, లెక్క ఉంది. 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం ముఖ్యమంత్రితో కలిపి మంత్రుల సంఖ్య శాసనసభ బలంలో 15 శాతం దాటకూడదు. 294 స్థానాల ఉమ్మడి సభకు 44 మంది మంత్రులు ఉండొచ్చు, కాబట్టి విద్యను మూడు ముక్కలు చేసినా సర్దుబాటైంది. 175 స్థానాల ఆంధ్రప్రదేశ్‌కు వచ్చేది 26 మంది, 119 స్థానాల తెలంగాణకు 18 మంది. అన్ని జిల్లాలకూ, అన్ని వర్గాలకూ చోటు చూపించాల్సిన జాబితాలో ఒక్క విద్యకే మూడు కుర్చీలు ఎవరూ కేటాయించరు.

ఒకే మంత్రి ఉంటే ఏం ఒరుగుతుందో చూడాలంటే పి.వి. నరసింహారావు విద్యామంత్రిగా ఉన్న 1968-71 కాలానికి వెళ్లాలి. అప్పటిదాకా బడి చదువు ముగిశాక యూనివర్సిటీల చేతిలో ఏడాది పీయూసీ (ప్రీ-యూనివర్సిటీ కోర్సు) ఉండేది. 1969-70లో దాని స్థానంలో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది, 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది. యూనివర్సిటీల నుంచి ఒక ఏడాది చదువును తెంపి, ముందు మరో ఏడాది చేర్చి, కొత్త బోర్డు కింద పెట్టడమంటే సిలబస్, లెక్చరర్ల సర్వీసు, పరీక్షల ఫీజు, భవనాలు అన్నీ ఒకచోటి నుంచి మరోచోటికి కదలాలి. బడులూ యూనివర్సిటీలూ ఒకే మంత్రి కింద ఉన్నాయి కాబట్టి ఈ సరిహద్దును జరపడం ఒక ఇంటి వ్యవహారమైంది. తెలుగు మాధ్యమానికి పాఠ్యపుస్తకాలు తయారుచేసే తెలుగు అకాడమీ 1968లో పుట్టిందీ, దానికి పి.వి.యే తొలి అధ్యక్షుడైందీ ఈ కాలంలోనే. కాలేజీలో మాధ్యమం మార్చాలంటే ముందు పుస్తకం చేతిలో ఉండాలి. ఆ రెండు పనులూ వేర్వేరు మంత్రుల దగ్గర ఉంటే ఏది ముందు జరగాలన్న దానిమీదే ఏళ్లు గడిచేవి.

ఇక ముగ్గురు మంత్రుల పద్ధతి. దీని బలం లేకపోలేదు. ఉన్నత విద్యామంత్రి రోజు యూనివర్సిటీల వైస్ ఛాన్సలర్ల (వీసీల) నియామకాలు, కోర్టు కేసులు, ఇంజినీరింగ్ కౌన్సెలింగుతోనే నిండిపోతుంది. ఒక్కరే అన్నీ చూస్తే ఆ హడావుడిలో ఒకటో తరగతి పిల్లవాడు వెనక్కి పోతాడు. ప్రాథమిక విద్యకు విడిగా మంత్రి ఉంటే కనీసం సమీక్షలో ఆ పేరు వినబడుతుంది.

చిక్కు వచ్చేది గీత ఎక్కడ గీయాలన్న దగ్గర. మన ఉన్నత పాఠశాల ఆరు నుంచి పదో తరగతి దాకా. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం మాత్రం ఒకటి నుంచి ఎనిమిది దాకా. అంటే ఒకే హైస్కూల్లో ఎనిమిదో తరగతికి ఆ చట్టం వర్తిస్తుంది. పక్క గదిలోని తొమ్మిదికి వర్తించదు. బడులకు కేంద్రం, రాష్ట్రం కలిసి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం 2018లో వచ్చేదాకా నిధులూ వేర్వేరే. ప్రాథమిక బడిలో పాఠం చెప్పే ఎస్‌జీటీకి (సెకండరీ గ్రేడ్ టీచర్) హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌గా పదోన్నతి ఇస్తే ప్రాథమిక బడిలో ఖాళీ పడుతుంది, హైస్కూల్లో ఖాళీ నిండుతుంది. ఒకే ఉత్తర్వు ఇద్దరు మంత్రుల పరిధిని తాకుతుంది. ప్రభుత్వ కార్యనిర్వహణ నిబంధనల ప్రకారం ఒకటికి మించిన శాఖలకు సంబంధమున్న విషయంలో అందరూ ఒప్పుకోవాలి, లేదా మంత్రివర్గం ముందుకు వెళ్లాలి. ఫైలు ఒక పేషీ నుంచి ఇంకో పేషీకి తిరుగుతుంటే వేసవి సెలవులు అయిపోతాయి. బదిలీలు జూన్ దాటితే బడి మధ్యలో టీచర్లు మారతారు. ఇంతా చేస్తే జిల్లాలో పనిచేసే డీఈవో (జిల్లా విద్యాశాఖాధికారి) ఒక్కరే. పైన మంత్రులు ఎందరైనా కింద సంతకం చేసే చెయ్యి ఒకటే అయినప్పుడు విభజన పేరుకు మిగులుతుంది, ఆలస్యం మాత్రం నిజంగా ఉంటుంది.

ఇద్దరికి పంచడం వేరు. కేరళలో 2021 ప్రభుత్వం సాధారణ విద్యను వి. శివన్‌కుట్టికి, ఉన్నత విద్యను ఆర్. బిందుకు ఇచ్చింది. తమిళనాడు, కర్ణాటకల్లోనూ బడికి ఒకరు, కాలేజీకి ఒకరు ఉన్నారు. అక్కడ పన్నెండో తరగతి దాకా బడి లెక్కలోకి వస్తుంది కాబట్టి గీత సహజంగా పడింది. మన దగ్గర ఇంటర్ విడి బోర్డుగా, ఎక్కువగా విడి కాలేజీగా నడుస్తోంది. అది ఎవరి వాటాలో పడుతుందో తేల్చకుండా ఇద్దరిని పెడితే రెండువైపులా పట్టించుకోని బిడ్డగా మిగిలేది ఇంటరే.

ముఖ్యమంత్రే చూసుకుంటే? నియామకాల్లో వేగం కనబడుతుంది. తెలంగాణలో 11,062 టీచరు పోస్టుల నియామక పరీక్ష డీఎస్సీకి 2024 ఫిబ్రవరి చివర నోటిఫికేషన్ ఇచ్చి, అక్టోబరులో నియామక పత్రాలు ఇచ్చారు. ఖాళీల లెక్కకు ఆర్థికశాఖ ఒప్పుకోలు, రిజర్వేషన్ల రోస్టరు, పరీక్ష తేదీలు ముఖ్యమంత్రి నోట వస్తే అడ్డం చెప్పేవారుండరు. ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ మీద ముఖ్యమంత్రి తొలి సంతకం 2024 జూన్‌లో పడినా నోటిఫికేషన్ 2025 ఏప్రిల్‌లో వచ్చింది. ఈ తేడాను పూర్తిగా మంత్రి పద్ధతికి అంటగట్టడం న్యాయం కాదు. మధ్యలో టీచర్ల అర్హత పరీక్ష టెట్ ఉంది, ఎస్సీ వర్గీకరణ ఉంది.

అదే 2024లో తెలంగాణ యూనివర్సిటీల వీసీల పదవీకాలం మే నెలలో ముగిస్తే కొత్తవారు అక్టోబరుకు గానీ రాలేదు. అప్పటిదాకా ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జులు. ముఖ్యమంత్రి దగ్గరున్న శాఖలో వందమంది దృష్టి పడే పని పరుగెడుతుంది, నలుగురికే తెలిసే పని బల్ల మీద ఉంటుంది. సర్వీసు చిక్కులు, గుర్తింపు రెన్యువల్, ఎయిడెడ్ పోస్టులు ఈ రెండో రకం. ఉపాధ్యాయ సంఘాలకు వారం వారం కలవగలిగే మంత్రి కావాలి. ముఖ్యమంత్రి అపాయింట్‌మెంట్ అలా దొరకదు.

మన దగ్గర పెద్దగా చర్చకు రాని నాలుగో దారి ఒకటుంది: ఆర్థికం, విద్య ఒకే చేతిలో. ఒకప్పటి మద్రాసు ముఖ్యమంత్రి కామరాజ్ మంత్రివర్గంలో సి. సుబ్రమణ్యం రెండూ చూశారు. ఢిల్లీలో మనీశ్ సిసోదియా కూడా అంతే, బడ్జెట్‌లో దాదాపు నాలుగో వంతు విద్యకు వెళ్లిందంటే అదొక కారణం. సమగ్ర శిక్షలో కేంద్రం 60, రాష్ట్రం 40 వేస్తాయి. రాష్ట్ర వాటా జమ కాకపోతే తర్వాతి విడత ఆగుతుంది. ఆర్థికమంత్రే విద్యామంత్రి అయితే వాటా విడుదల చేయమన్న ఉత్తరాలు తనకు తానే రాసుకోవాలి. అయితే ఇది మనిషిని బట్టి నడిచే ఏర్పాటు. చదువు మీద మనసు లేని ఆర్థికమంత్రి దొరికితే కోత పెట్టడం ఇంకా తేలిక.

మొత్తం మీద మన రెండు రాష్ట్రాలకూ ఒకే పూర్తికాలపు మంత్రి, కింద బడి విద్యకూ ఉన్నత విద్యకూ ఇద్దరు కార్యదర్శులు, ఇంటర్ బడివైపు: ఇదే నా ఓటు. మంత్రి కనీసం మూడేళ్లు కదలకూడదు. తెలంగాణలో జగదీశ్‌రెడ్డి రెండు విడతల్లోనూ ఏడెనిమిది నెలలకు మించి ఉండలేదు. ఒక విద్యా సంవత్సరం మొదలూ తుదీ చూడని మంత్రి దేనికి జవాబుదారీ అవుతారు?

ఇంకో సంగతి. విద్యాశాఖ ఒక్కరికే ఇచ్చామన్నా చదువంతా ఆ ఒక్కరి దగ్గర ఉండదు. సాంఘిక సంక్షేమ, గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాలు ఆయా సంక్షేమ శాఖలవి. అంగన్‌వాడీ మహిళా శిశు సంక్షేమానిది. తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము సంక్షేమ శాఖల పద్దులో ఉంటుంది, బకాయిల నిరసన మాత్రం విద్యాశాఖ వైపే మళ్లుతుంది. ఆంధ్రప్రదేశ్ 2022లో పురపాలక బడుల అజమాయిషీని పాఠశాల విద్యాశాఖకు అప్పగించింది. తర్వాతి అడుగుగా ముందు కలపాల్సింది అంగన్‌వాడీల్లోని పూర్వ ప్రాథమిక తరగతులను, ఆపైన గురుకులాల టీచర్ల నియామకాన్ని. హాస్టలు, భోజనం సంక్షేమ శాఖల దగ్గరే ఉండొచ్చు.