పారిస్ స్టూడియోనా, అడవిలో కుటీరమా?

ఫైన్ ఆర్ట్స్ చదివిన పిల్లలు ఈ మధ్య పదేపదే అడుగుతున్నారు, విదేశీ రెసిడెన్సీకి, అంటే కొన్నాళ్లు అక్కడే ఉండి బొమ్మలు వేసుకోవడానికి చోటిచ్చే ప్రోగ్రామ్‌కి, అప్లై చేయాలంటే సిటీలోది మేలా, పల్లెలోది మేలా అని. ఈ ఏడాది నేనూ ఇదే తేల్చుకోలేక చాలా రోజులు నలిగాను. చివరికి మిగిలినవి రెండు: పారిస్‌లోని సీతే ఇంటర్నేషనల్ దెజార్, అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం పీటర్‌బరో దగ్గర అడవిలో ఉన్న మెక్‌డవల్.

సీతే 1965 నుంచి నడుస్తోంది. పారిస్‌లోని ‘మరే’, ‘మోంమార్త్’ అనే రెండు పేటల్లో కలిపి 300కు పైగా స్టూడియోలు, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు. ఉండేదీ పని చేసేదీ ఒకే గదిలో, వంట మనమే చేసుకోవాలి. రంగులు అయిపోతే సేన్ నది ఒడ్డు వెంట నడిచి 1887 నాటి సెనెలియే దుకాణానికి వెళ్లొచ్చు. ఎచింగ్ (లోహపు ప్లేటు మీద బొమ్మ చెక్కి అచ్చు తీయడం), స్క్రీన్ ప్రింటింగ్ లాంటి ప్రింట్‌మేకింగ్ చేసేవాళ్లకు ఉమ్మడి వర్క్‌షాపులున్నాయి, నా దృష్టిలో అసలు లాభం అదే. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి గారు పారిస్‌లోనే, హేటర్ అనే ప్రింట్‌మేకర్ నడిపిన అతెలియే 17 వర్క్‌షాపులో, చిక్కదనంలో తేడా ఉన్న రంగుల్ని ఒకే ప్లేటు మీద వేసి ఒకేసారి అచ్చు తీసే పద్ధతిని తోటి కళాకారుడు కైకో మోతీతో కలిసి రూపొందించారు. నలుగురూ ఒకే ప్రెస్ చుట్టూ చేరే చోటు కాబట్టే అది సాధ్యమైందని నా నమ్మకం.

కానీ నేను ప్రింట్‌మేకర్‌ని కాదు. నాది వాటర్‌కలర్, అదీ పెద్ద సైజు కాగితం. వాష్ (నీళ్లలో పల్చగా కలిపిన రంగు పూత) సగంలో ఉండగా కాలింగ్ బెల్ మోగి లేచామా, తిరిగొచ్చేసరికి అంచు ఆరిపోయి గీత పడుతుంది, ఎంత తడిపినా ఆ గీత పూర్తిగా పోదు. గ్యాస్ సిలిండర్, కొరియర్, స్కూల్ నుంచి ఫోన్, ఇలా పాడైన కాగితాలు నా దగ్గర ఒక కట్ట ఉంది. అందుకే నాకు అన్నిటికన్నా ముఖ్యం ముక్కలు కాని రోజు.

మెక్‌డవల్‌ని 1907లో మొదలుపెట్టిందే అందుకోసం. చెట్ల మధ్య దూరదూరంగా 32 స్టూడియోలు, పిలవకుండా ఎవరూ మీ గుమ్మం తొక్కరు. మధ్యాహ్న భోజనం బుట్టలో పెట్టి, చప్పుడు చేయకుండా గడప దగ్గర ఉంచి వెళతారు. రాత్రి భోజనానికి అందరూ ఒకచోట చేరతారు కాబట్టి మరీ ఒంటరితనమూ ఉండదు. ఉండటానికి, తిండికి డబ్బు తీసుకోరు. సీతేలో మాత్రం ఏ ప్రోగ్రామ్ ద్వారా వెళ్తున్నామన్నదాన్ని బట్టి నెలనెలా కొంత కట్టాల్సి రావచ్చు, అది ముందే అడిగి తెలుసుకోండి. అడవిలో ఉన్న ఇబ్బందల్లా, కావాల్సిన కాగితం అక్కడ దొరుకుతుందన్న భరోసా లేదు, మొత్తం ఇక్కడి నుంచే మోసుకెళ్లాలి.

జపాన్‌లో తోకుషిమా కొండల్లోని కామియామా, ఢిల్లీ ఖిర్కీలోని ఖోజ్ రెసిడెన్సీలు కూడా చూశాను. రెండూ మంచివే, కానీ చుట్టుపక్కల జనంతో కలిసి పని చేయాలనుకునేవాళ్లకు బాగా నప్పుతాయి.

నేను అప్లికేషన్ మెక్‌డవల్‌కే పంపాను. మీ చేతిలో ప్లేటు ఉండి ప్రెస్ కోసం వెతుకుతుంటే మాత్రం ఇంకో ఆలోచన లేకుండా పారిస్‌కి పంపండి. వీసా టెన్షన్ రెండింటికీ ఉంది, అమెరికాకైతే ఇంటర్వ్యూ స్లాట్ దొరకడమే కష్టం, ఎంపికైనట్టు మెయిల్ వచ్చిన రోజే ఆ పని మొదలుపెట్టండి.