మెల్‌బోర్న్ నాలుగో స్థానమా, జకార్తా బంగారమా: ఏది మేలు?

మన ఫుట్‌బాల్ జట్టు ఎక్కడ ఓడిపోయి వచ్చినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "ఒకప్పుడు ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినవాళ్లం." 2024 జనవరిలో ఖతార్‌లో ఆసియా కప్ ఆడి, మూడు మ్యాచ్‌లూ ఓడి, ఒక్క గోలైనా వేయకుండా తిరిగొచ్చినప్పుడూ ఇదే మాట. తాతలు నేతులు తాగారు సరే. ఏ తాత ఎంత తాగాడో కూడా ఓసారి లెక్క చూడొద్దూ? 1956లో మెల్‌బోర్న్‌లో దక్కిన ఆ నాలుగో స్థానం గొప్పదా, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో గెలిచిన బంగారం గొప్పదా?

రెండు జట్లకూ కోచ్ ఒక్కరే, మన హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. కాబట్టి పాతబస్తీ వాళ్లకూ సికింద్రాబాద్ వాళ్లకూ ఏ పక్షం వాదించినా నష్టం లేదు. నేను మాత్రం ఒక పక్షమే తీసుకుంటాను.

ముందు మెల్‌బోర్న్. అక్కడికి వచ్చిన జట్లు పదకొండే. మన మొదటి మ్యాచ్ హంగేరీతో. అదే సమయంలో హంగేరీలో తిరుగుబాటు, సోవియట్ ట్యాంకులు, రక్తపాతం. వాళ్లు ఫుట్‌బాల్ జట్టును పంపలేదు. మనకు వాకోవర్, అంటే ఆడకుండానే గెలుపు. అప్పటి హంగేరీ అంటే ప్రపంచాన్ని వణికించిన జట్టు, ఆడి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. ఆ తర్వాత డిసెంబర్ 1న ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో కొట్టాం. బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ వేశాడు, ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. నాలుగో గోల్ కిట్టు అనే ఆటగాడిది. ఇక అక్కడ్నించి గెలుపు లేదు. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో 1-4, కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0-3.

అంటే ఆడినవి మూడు, గెలిచింది ఒకటి. వాకోవర్ తీసేస్తే "ప్రపంచంలో నాలుగో జట్టు" అన్న గొప్ప ఒక్క మ్యాచ్ మీద నిలబడి ఉంది. ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుంది. రానీయండి.

అయితే ఆ ఒక్క గెలుపునూ గాలివాటం అని కొట్టిపారేయలేం. ఒలింపిక్స్ అయిపోయాక అదే నెలలో సిడ్నీలో మళ్లీ ఆస్ట్రేలియాతో ఆడారు. ఈసారి 7-1. ఇంకెవరైనా లోపల అనుమానం పెట్టుకుని ఉంటే దాంతో తీరిపోయి ఉండాలి. సెమీస్ స్కోరు పక్కన కూడా ఇంకో స్కోరు పెట్టి చూడాలి. 1952లో హెల్సింకీలో ఇదే యుగోస్లావియా మనల్ని 10-1తో చితక్కొట్టింది. చలిలో, తడి నేల మీద, చాలామంది ఒట్టి కాళ్లతో ఆడిన మ్యాచ్ అది. నాలుగేళ్ల తర్వాత అదే దేశంతో ఆడుతూ డిసౌజా ముందుగా గోల్ కొట్టాడు. ఒలింపిక్ సెమీఫైనల్లో యుగోస్లావియా మీద భారత్ 1-0 ఆధిక్యం! ఆ ఆధిక్యం ఎంతోసేపు నిలవలేదు, నిజమే. కానీ పది గోల్స్ తిన్న చోట ముందంజలో నిలబడటం వాకోవర్‌తో వచ్చేది కాదు. మధ్యలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఫార్వర్డ్‌లలో ఒకరిని కాస్త వెనక్కి దించి ఆడించే హంగేరీ పద్ధతిని రహీం సాబ్ మన వాళ్లకు నేర్పారు. అందుకే 1956 విలువ నాలుగో స్థానంలో కన్నా ఆ 1-4లోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

ఇక జకార్తా. కాగితం మీద చూస్తే ఇది చిన్న టోర్నీ. ఎనిమిది జట్లు, అన్నీ ఆసియావే. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయిలాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0, సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ కొరియానే.

ఆ రోజు పరిస్థితి ఎలా ఉందో చెప్పకపోతే తూకం సరిగ్గా రాదు. ఇండోనేసియా ప్రభుత్వం ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ క్రీడలకు రానివ్వలేదు. ఇది ఆసియా క్రీడల నిబంధనలకు విరుద్ధం, ఈ పోటీలను ఆ పేరుతో పిలవకూడదు అని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో భారత సభ్యుడు గురుదత్ సోంధీ పట్టుబట్టారు. దాంతో జకార్తా వీధుల్లో మన మీద జనం మండిపడ్డారు, మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. ఫైనల్ రోజు స్టేడియంలో సుమారు లక్ష మంది, దాదాపు అందరూ మనకు వ్యతిరేకంగానే అరిచారు. మనకు చప్పట్లు కొట్టినవాళ్లలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారని అప్పటి మన ఆటగాళ్లు తర్వాత్తర్వాత చెప్పుకునేవారు.

జట్టు సంగతి చూస్తే ఇంకా కష్టం. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు థాయిలాండ్ మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి. హైదరాబాద్‌లో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరంతో పడ్డాడు, లీగ్ మ్యాచ్‌లు ప్రద్యుత్ బర్మన్ కాచాడు. రహీం సాబ్‌కు అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. ఇలాంటప్పుడు మామూలు కోచ్ అయితే గాయపడ్డవాణ్ని బెంచీ మీద కూర్చోబెడతాడు. ఈయన జర్నైల్‌ను డిఫెన్స్ నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. తలకు కట్టుతో అతను సెమీస్‌లో ఒక గోల్, ఫైనల్లో ఒక గోల్ కొట్టాడు. ఫైనల్లో తంగరాజ్ తిరిగొచ్చాడు. పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ, మూడు నిమిషాల తర్వాత జర్నైల్. చివర్లో కొరియా ఒకటి తిప్పికొట్టింది. 2-1, బంగారం.

ఆ కొరియాను తక్కువ అంచనా వేయకండి. 1956లో, 1960లో వరుసగా రెండు ఆసియా కప్‌లూ గెలిచిన జట్టు అది. పది రోజులు తిరక్కముందే మనల్ని ఓడించిన జట్టు కూడా. ఎవరి చేతిలో ఓడారో వాళ్ల మీదే ఫైనల్లో గెలవడం అంటే తప్పు ఎక్కడుందో కనిపెట్టి సరిచేసుకోవడం. మెల్‌బోర్న్‌లో అలాంటి పరీక్ష మనకు ఎదురవలేదు.

జకార్తా బంగారానికీ ఒక మచ్చ ఉంది, దాచిపెట్టడం న్యాయం కాదు. 1954లో, 1958లో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం గెలిచింది తైవాన్ జట్టు. రెండుసార్లు వరుసగా గెలిచిన ఆ జట్టు 1962లో లేదు. ఆసియా కప్‌లో రెండుసార్లూ రెండో స్థానంలో నిలిచిన ఇజ్రాయెల్ కూడా లేదు. ఎవరిని రానివ్వలేదని సోంధీ గొడవపడ్డారో, వాళ్లు రాకపోవడం వల్లే మన దారి కొంత సులువైంది. స్టేడియంలో మనం తిన్న తిట్లూ, మనకు కలిసొచ్చిన అదృష్టమూ ఒకే నిర్ణయంలోంచి పుట్టాయి. మెల్‌బోర్న్‌లో హంగేరీ రాలేదు, జకార్తాలో తైవాన్ రాలేదు. లేనివాళ్ల లెక్కలో రెండూ సమానమే అనుకుందాం.

ఈ రెండింటి పక్కన మిగతావి తూకానికి పెట్టేవాళ్లూ ఉన్నారు. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడల బంగారం ఉంది కదా అంటారు. ఇండోనేసియా మీద 3-0, అఫ్గానిస్తాన్ మీద 3-0, ఫైనల్లో ఇరాన్ మీద మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోల్. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ఇది ఇంట గెలుపు. 1964 ఆసియా కప్ రెండో స్థానం వినడానికి పెద్దదే. ఆడినవి నాలుగు జట్లు, మనతో అర్హత పోటీలు ఆడాల్సినవాళ్లు తప్పుకోవడంతో నేరుగా వెళ్లాం. అయినా అక్కడ కొరియాను 2-0తో, హాంకాంగ్‌ను 3-1తో గెలిచి, ఆతిథ్య ఇజ్రాయెల్ చేతిలో 0-2తో ఓడాం. 1970లో బ్యాంకాక్‌లో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కాప్టెన్సీలో జపాన్‌ను ఓడించి తెచ్చిన కాంస్యం ముచ్చటైనదే, కానీ ఈ పోటీలో నిలిచేది కాదు.

1950 ప్రపంచ కప్ సంగతి ఎత్తేవాళ్లకు ఒక్కటే చెబుతాను. మిగతా జట్లు తప్పుకోవడంతో మనకు చోటు దక్కింది, మనమూ వెళ్లలేదు. ఒట్టి కాళ్లతో ఆడనివ్వలేదనే కథ బాగా ప్రచారమైంది గానీ, జట్టు ఎంపికలో తగాదాలు, సాధనకు సమయం చాలకపోవడం అప్పట్లో మన ఫుట్‌బాల్ సంఘం చెప్పిన కారణాలు. ఒలింపిక్స్ ముందు ప్రపంచ కప్ మన వాళ్ల కళ్లకు ఆనలేదు కూడా. ఆడని ఆటకు తూకం ఏం వేస్తాం.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది మూడోది, 1960 రోమ్. పాయింట్ల పట్టికలో మన గ్రూపులో అడుగున ఉన్నాం. ఒక్క గెలుపూ లేదు. అందుకే ఎవరూ దాని ఊసెత్తరు. ఆ పట్టిక పక్కన స్కోర్లు పెట్టి చూడండి. హంగేరీ పెరూను 6-2తో, ఫ్రాన్స్‌ను 7-0తో చీల్చి చెండాడింది. మనల్ని మాత్రం 2-1తో గట్టెక్కింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి ఫ్లోరియన్ ఆల్బర్ట్‌ది, తర్వాత 1967లో యూరప్ ఉత్తమ ఆటగాడైనవాడు. మన గోల్ సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కొట్టాడు. ఆ హంగేరీయే చివరికి కాంస్యం తీసుకుంది. ఫ్రాన్స్‌తో పి.కె. గోల్‌తో ముందంజలో ఉండి, ఆట ముగిసే వేళకు 1-1తో సరిపెట్టుకున్నాం. 1948లో లండన్‌లో ఇదే ఫ్రాన్స్ చేతిలో రెండు పెనాల్టీలు చేజార్చుకుని 1-2తో ఓడిన సంగతి గుర్తున్నవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. పెరూ చేతిలో 1-3, ఆ గోల్ కూడా బలరాందే. ఏ వాకోవరూ లేకుండా, ఎవరూ గైర్హాజరు కాకుండా, యూరప్, దక్షిణ అమెరికా జట్లకు ఎదురు నిలిచిన మూడు మ్యాచ్‌లు అవి. ఆటను ఆటగా చూసేవాడు మెల్‌బోర్న్ కంటే రోమ్‌నే పైన పెట్టాలి. ఏం చేస్తాం, పతకం లేని చోట, "నాలుగో స్థానం" లాంటి నోరూరే మాట లేని చోట జ్ఞాపకం నిలవదు.

నా వరస ఇది: జకార్తా, రోమ్, ఆ తర్వాతే మెల్‌బోర్న్. జకార్తా ముందెందుకంటే అక్కడ ఒకసారి ఓడి, అదే జట్టును తిరిగి గెలిచారు. గాయాలకు మందు కోచ్ బుర్రలోంచి వచ్చింది. లక్ష గొంతులు ఎదురు తిరిగిన చోట గెలిచారు. మెల్‌బోర్న్‌కు మొదటి స్థానం ఇచ్చేవాళ్ల వాదన ఒక్కటే నాకు బరువుగా తోస్తుంది: ఒలింపిక్స్ అంటే ప్రపంచం, ఆసియా క్రీడలంటే ఆసియా. అది నిజమే. కానీ ఆ ప్రపంచంతో మనం సమానంగా తలపడింది రోమ్‌లో, మెల్‌బోర్న్‌లో కాదు.

ఈ మూడు చోట్లా ఉన్నవాళ్లు కొద్దిమందే. బలరాం వాళ్లలో ఒకరు. చునీ గోస్వామి, పి.కె., బలరాం ముగ్గురి పేర్లూ ఒకే ఊపిరిలో చెప్పేవారు. మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బలరాంకు అర్జున అవార్డుతో ఆగిపోయింది. అనారోగ్యంతో 1963లోనే ఆట మానేశాడు, అప్పటికి ఇరవై ఏడేళ్లు కూడా నిండలేదు. అదే ఏడు జూన్ 11న రహీం సాబ్ పోయారు. మరుసటి ఏడాది టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీల్లో ఇరాన్ మనల్ని రెండు మ్యాచ్‌ల్లోనూ ఓడించింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ పేరు మళ్లీ కనబడలేదు.