పద్నాలుగు మంది పిల్లలు, ఒక మినీ బస్సు, శుక్రవారం మ్యూజియం

జనవరిలో మా కాలేజీలో టెక్స్‌టైల్ డిజైన్ చదివే 14 మందిని పోచంపల్లి మగ్గాలు చూపిద్దామని అమెరికా నుంచి తీసుకొచ్చాను. ఒక్కరూ అంతకుముందు ఇండియా చూసినవాళ్లు కాదు. హైదరాబాద్‌లో మొదటి మూడు రోజులు ఒక ట్రావెల్స్ వాళ్లకు అప్పజెప్పాం. పికప్, బస, సిమ్ కార్డులు, ఊరు చూపించడం అన్నీ వాళ్లవే. పేరు రాయను, పనెలా చేశారో రాస్తాను.

పికప్‌కి వంక పెట్టడానికి లేదు. శంషాబాద్‌లో తెల్లవారుజామున మూడున్నరకు బయటపడ్డాం. రెయిలింగ్ అవతల పూలదండలు, భుజాల మీద నిద్రపోతున్న పసిపిల్లలు. ‘సినిమా స్టార్ ఎవరైనా వస్తున్నారా?’ అని ఒకమ్మాయి అడిగింది. మా వెనకాల ట్రాలీ తోసుకొస్తున్న కుర్రాడి కోసమని, ఊరి నుంచి తుఫాను బండి మాట్లాడుకుని వచ్చారని చెబితే నమ్మలేదు. ఇంతలో వాళ్ల నాయనమ్మ ఆ కుర్రాడి బుగ్గలు పుణికి, పటపటా మెటికలు విరిచింది. మా అమ్మాయి ఉలిక్కిపడి చేతులు నొప్పెట్టవా అంది. దిష్టి గురించి వివరించేసరికి బస్సు వచ్చేసింది.

డ్రైవర్ గురించి విడిగా చెప్పాలి. పిల్లలంతా ఇండియా అంటే ఎండే అనుకుని పల్చటి బట్టలతో దిగి వణుకుతుంటే, అడక్కుండానే వెనక సీట్లోంచి దుప్పట్లు తీసిచ్చాడు. ‘ఏం పరేషాన్ కాకుర్రి మేడమ్, గంటలో రూముల ఉంటరు’ అన్నాడు. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 11 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది, దాని మీదకు బైకులను రానివ్వరు. ‘ఇంత ప్రశాంతంగా ఉందేంటి?’ అని పిల్లలు కాస్త నిరాశపడ్డట్టే కనిపించారు. మెహదీపట్నంలో కిందికి దిగగానే పాల వ్యాన్లు, ఆటోలు, నడిరోడ్డున పడుకున్న ఆవు. అందరూ ఒకేసారి ఫోన్లు తీశారు. డ్రైవర్ నవ్వి ఇరానీ హోటల్ దగ్గర ఆపి, టీ సాసర్లో పోసుకుని ఎలా తాగాలో చేసి చూపించాడు. ఉస్మానియా బిస్కెట్ తియ్యగా ఉందా, ఉప్పగా ఉందా అని బస వచ్చేదాకా వాదన నడిచింది.

బసకు మాత్రం అయిదుకు రెండు. గదులు శుభ్రమే. స్వాగతం కిట్‌లో ప్లగ్ అడాప్టర్లు కూడా పెట్టారు, మంచి ఆలోచన. కానీ ఇక్కడ ప్లగ్ పక్కన స్విచ్ కూడా వేయాలని ఒక్కరూ చెప్పలేదు. అమెరికాలో ప్లగ్గులకు స్విచ్ ఉండదు. పొద్దున్నే లేచి చూస్తే పదకొండు ఫోన్లు చచ్చిపోయున్నాయి. గీజర్‌దీ అదే కథ. స్విచ్ బాత్రూమ్ బయటుంది, పాపం నలుగురు చన్నీళ్లే పోసుకున్నారు. ఇక్కడే పుట్టి పెరిగిన నాకూ ఇవి చెప్పాలని తట్టలేదు, సగం తప్పు నాదే. ఎయిర్‌పోర్టులోనే ఇస్తామన్న సిమ్‌లు మర్నాడు సాయంత్రానికి గానీ పనిచేయలేదు. ఈలోగా అమెరికా నుంచి తల్లిదండ్రుల టెన్షనంతా నా ఫోన్‌కే.

అసలు కోపం మొదటి రోజు ప్లాన్ మీద. 24 గంటల ప్రయాణం చేసొచ్చిన పిల్లలకు అదే రోజు చార్మినార్, లాడ్ బజార్, సాలార్‌జంగ్ మ్యూజియం పెట్టారు. పైగా ఆ రోజు శుక్రవారం. సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవని హైదరాబాద్‌లో ట్రావెల్స్ నడిపేవాళ్లకు నేను చెప్పాలా? గంట కొట్టే బొమ్మ గడియారం చూపిస్తానని ఊరించి తీసుకెళ్లి, తాళం వేసిన గేటు చూపించాను. చార్మినార్ దగ్గర ఇంకోటి. ‘టికెట్లన్నీ మావే’ అని మెయిల్‌లో రాశారు. విదేశీయులకు 300 రూపాయలు, మనవాళ్లకు పాతిక. లెక్క మాత్రం పాతిక చొప్పున వేశారట! ‘మీరు తెలుగులో మాట్లాడారు కదా మేడమ్, పిల్లలూ మనవాళ్లే అనుకున్నా’ అన్నాడు ఫోన్లో కోఆర్డినేటర్. తేడా నేనే కట్టాను, ఇంకా తిరిగి రాలేదు.

లాడ్ బజార్‌లో మాత్రం ఎవరికీ నిద్ర గుర్తురాలేదు. వేడి చేసిన లక్కను గాజుగా చుట్టి, అది మెత్తగా ఉండగానే అద్దాలు ఒక్కొక్కటే అతికిస్తుంటే, రంగులు, అల్లికలు చదువుకునే పిల్లలు కదా, అక్కడే గంటసేపు కూలబడ్డారు. ప్లాన్‌లో దానికి పావుగంటే ఇచ్చారు.

వచ్చే జనవరిలో కూడా వీళ్లనే పిలుస్తాను, బస్సు వరకే. అదే డ్రైవర్ కావాలని ఇప్పుడే అడిగి పెట్టాను.