18 మైక్రాన్ల ఫాయిల్ రోల్: చికెన్ పొట్లాలకు ఎంతవరకు పనికివస్తుంది?

నల్గొండలో ప్యాకింగ్ సామాను అమ్మే దుకాణానికి వెళ్లి అల్యూమినియం ఫాయిల్ అడిగితే ముందుగా చేతికిచ్చేది చపాతీలు, పులిహోర చుట్టుకోవడానికి వాడే సన్న రోల్. దాని మందం సాధారణంగా 9 నుంచి 11 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. నేను ఇక్కడ సమీక్షిస్తున్నది అదే అరలో కొంచెం వెనకగా, ఇంచుమించు రెట్టింపు ధరతో ఉన్న 18 మైక్రాన్ల రోల్‌ను. పెట్టె మీద నిప్పులపై కాలుతున్న కోడి తొడల బొమ్మ, వెనకవైపు చికెన్ పొట్లం వండే విధానం ముద్రించి ఉన్నాయి. ఇంట్లో ఓటీజీ అనే చిన్న కరెంటు ఓవెన్‌లోనూ, పట్నానికి దగ్గరలోని మా బావగారి బత్తాయి తోటలో తుమ్మ బొగ్గుల మీదా దీన్ని వాడి చూశాము. రోల్ పెట్టిన డబ్బుకు తగినదే గాని, ఆ పెట్టె మీది వంట విధానాన్ని మాత్రం పక్కన పెట్టాలి.

అమెరికాలో శిబిరాలకు వెళ్లే కుటుంబాలకు, స్కౌట్ పిల్లలకు ఈ ఫాయిల్ పొట్లాల వంట బాగా అలవాటు. మాంసం, కూరగాయలు, ఉప్పు, మసాలా, కొంచెం నూనె అన్నీ ఒక ఫాయిల్ ముక్కలో పెట్టి, అంచులు గట్టిగా మడిచి నిప్పుల మీద వదిలేస్తారు; తినడం కూడా చాలావరకు అందులోనే జరిగిపోతుంది. తోటలో వంట అంటే మన దగ్గర మూడు రాళ్ల పొయ్యి, పెద్ద గంజు, దాన్ని తోమడానికి బోరు దగ్గర పడే అవస్థ అందరికీ తెలిసినవే. పొట్లాల పద్ధతిలో తోమే పని దాదాపు ఉండదు. దానికన్నా నాకు ఎక్కువగా నచ్చినది, ఎవరి పొట్లం వారిదే కావడం. మా అత్తమ్మకు కారం తగ్గించి, ఎముక లేని ముక్కలు పెట్టి మడిచిన పొట్లం మీద ఒక మూల వంచి గుర్తు పెట్టాము. మిగిలిన వారికి ఎప్పటి కారమే. ఒకే గంజులో వండేటప్పుడు ఈ సదుపాయం దొరకదు.

మందం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఎముకతో ఉన్న లెగ్ పీసును రెండు రకాల ఫాయిల్‌లోనూ చుట్టి చూడాలి. సన్న ఫాయిల్‌లో చుట్టిన పొట్లాన్ని పటకారుతో తిప్పగానే ఎముక కొన దాన్ని చీల్చుకుని బయటికి వచ్చింది. ఆ చీలికలోంచి మసాలా రసం, నూనె నిప్పుల మీదికి కారి, ఒక్కసారిగా మంట లేచి, అటువైపు ముక్క మాడిపోయింది. లోపల నిలవవలసిన ఆవిరి పోవడంతో రెండోవైపు ఆలుగడ్డ పచ్చిగానే మిగిలింది. 18 మైక్రాన్ల ఫాయిల్‌లో అదే పరిమాణంలోని ముక్కను చుట్టినప్పుడు ఎముక కొన దగ్గర చిన్న బుడిపె లేచింది తప్ప చిరగలేదు. సన్న ఫాయిల్‌నే రెండు పొరలుగా వాడితే సరిపోదా అని కొందరు అడుగుతారు. రెండు పొరల మొత్తం మందం ఇంచుమించు ఇంతకే వస్తుంది గాని, పటకారు తగిలిన చోట ఒక పొర జారి, మడత విడిపోతుంది. ఎముక లేని ముక్కలతో, ఓటీజీలో కదలకుండా ఉడికే పొట్లానికైతే రెండు పొరల సన్న ఫాయిల్ చాలు. నిప్పుల మీద వండాలనుకునే వారికే మందపు రోల్ అవసరం.

పొట్లంలో జరిగేది కాల్చడం కన్నా ఉడికించడమే. చికెన్, ఉల్లిగడ్డల నుంచి ఊరిన నీరు ఆవిరిగా మారి, పొట్లంలో నీరు ఉన్నంతసేపు లోపలి వేడిని 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిలబెడుతుంది. అందువల్ల ముక్క ఎండిపోదు గాని, కబాబు మాదిరిగా ఎర్రగా కాలదు కూడా. అంచులు ఎర్రబడాలని కోరుకునేవారు చివరి ఐదు నిమిషాలు పొట్లం పైభాగాన్ని విప్పి ఉంచాలి. మడిచే పద్ధతి కూడా ఈ ఆవిరిని బట్టే ఉండాలి: రెండు పొడవైన అంచులను పైన కలిపి, రెండు మూడు మడతలు వేసి, పక్కలను కూడా అలాగే మూసి, లోపల ముక్కల పైన రెండు వేళ్ల ఖాళీ వదలాలి. ముక్కలకు ఆనేట్టు బిగించి చుడితే ఆవిరి ఒత్తిడికి మడత విచ్చుకుంటుంది. 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఈ రోల్ నుంచి ఒక మనిషి పొట్లానికి సుమారు 45 సెంటీమీటర్ల పొడవు ముక్క కోస్తే మడతలకు చాలినంత చోటు దొరికింది.

ఎముక తీసిన తొడ ముక్కలు ఈ వంటకు అన్నిటికన్నా బాగా కుదిరాయి. రొమ్ము ముక్కలు కొంచెం ఎక్కువసేపు ఉంచితే పీచుగా మారాయి. నాటు కోడిని దీని జోలికి తీసుకురాకపోవడమే మేలు, ఎందుకంటే దాని మాంసం మెత్తబడే సమయానికి ఆలుగడ్డలు ముద్దై, అడుగు మాడిపోతాయి. నాటు కోడికి గంజు, ఎసరు, తీరిక ఉండవలసిందే. ఆలుగడ్డలను చిటికెన వేలి మందానికి మించకుండా చక్రాలుగా కోయాలి. అడుగున ఉల్లిగడ్డ ముక్కలు పరిచి, దాని మీద ఆలుగడ్డలు, వాటి మీద చికెన్ పెడితే, మాడేది ఏమైనా ఉంటే ఆ ఉల్లిగడ్డలే అవుతాయి. పాలమూరు వైపు నుంచి వచ్చే గానుగ పల్లీ నూనె రెండు చెంచాలు, అల్లం వెల్లుల్లి ముద్ద, ధనియాల పొడి, పుదీనా వేసి వండిన పొట్లాన్ని జొన్న రొట్టెలతో తిన్నాము. రొట్టెను అద్దుకోవడానికి అడుగున చేరిన రసం సరిగ్గా సరిపోయింది.

ఇక పెట్టె వెనకవైపు ముద్రించిన వంట విధానం సంగతి. మెరిసే వైపు లోపలికి ఉంటే త్వరగా ఉడుకుతుందని అందులో రాశారు. ఫాయిల్‌ను తయారుచేసేటప్పుడు చివరి దశలో రెండు రేకులను కలిపి రోలర్ల మధ్య నడుపుతారు. నునుపైన రోలర్‌కు తగిలిన వైపు మెరుస్తుంది, రెండు రేకులు ఒకదానికొకటి తగిలిన వైపు మసకగా ఉంటుంది. వంటలో ఈ తేడా లెక్కలోకి రాదు. రెండో సూచన, నిప్పుల మీద పావుగంట చాలన్నది. ఎముకతో ఉన్న లెగ్ పీసు పావుగంటలో ఎముక పక్కన ఇంకా గులాబీ రంగులోనే ఉంది. బూడిద పట్టిన నిప్పుల మీద ఎముక లేని ముక్కలకు 20 నుంచి 25 నిమిషాలు, ఎముకతో ఉన్నవాటికి 35 నుంచి 40 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి వండితే సరిగా ఉడికాయి. ఓటీజీని ముందే వేడి చేసి 200 డిగ్రీల దగ్గర ఉంచినప్పుడు ఎముక లేని ముక్కలకు అరగంట పట్టింది. నిప్పుల వేడి ఏ రోజూ ఒకే తీరుగా ఉండదు కాబట్టి గడియారాన్ని నమ్మడం కన్నా, అన్నిటికన్నా మందంగా ఉన్న ముక్క మధ్యలో థర్మామీటరు గుచ్చి 74 డిగ్రీల సెల్సియస్ వచ్చిందో లేదో చూడడం సురక్షితం.

అన్నిటికన్నా అభ్యంతరకరమైనది, మడిచే ముందే నిమ్మరసం పిండి, పైన నిమ్మ చక్రాలు పేర్చమనడం. నకిరేకల్ నిమ్మకాయలు చేతికి అందే చోట ఉన్న మనకు ఈ సలహా వెంటనే నచ్చుతుంది. అయితే పులుపు, ఉప్పు, వేడి మూడూ కలిసిన చోట అల్యూమినియం కొంత కరిగి ఆహారంలో చేరుతుంది. నిమ్మ చక్రం ఆనిన చోట ఫాయిల్ బూడిద రంగుకు తిరిగి, వెలుతురుకు ఎత్తి చూస్తే సూది బెజ్జాలు కనిపించాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల కమిటీ 2011లో శరీర బరువు కిలో ఒక్కింటికి వారానికి 2 మిల్లీగ్రాముల అల్యూమినియం వరకు సహించదగిన పరిమితిగా నిర్ణయించింది. 60 కిలోల మనిషికి అది వారానికి 120 మిల్లీగ్రాములు అవుతుంది. ఎప్పుడో ఒక ఆదివారం తినే పొట్లంతో భయపడవలసిన పని లేదు గాని, తేలికగా తప్పించుకోగలిగిన దాన్ని తెచ్చిపెట్టుకోవడం ఎందుకు? నిమ్మరసాన్ని పొట్లం విప్పిన తరువాత పిండుకుంటే రుచి కూడా తాజాగా ఉంటుంది. పెరుగు, టమాటా, చింతపండు పడిన మసాలాతోనే వండాలనుకుంటే ఫాయిల్ లోపల అరటాకు ముక్క పరిచి, దాని మీద ముక్కలు పెట్టాలి. మేము అలా చేసిన పొట్లంలో ఫాయిల్ మెరుపు చెక్కు చెదరలేదు, ఆకు వాసన చికెన్‌కు పట్టి ఇంకొంచెం బాగుంది. మసాలా పట్టించి నానబెట్టడం మాత్రం స్టీలు లేదా గాజు గిన్నెలోనే జరగాలి.

మిగిలిన కూరను స్టీలు గిన్నెలో పోసి పైన ఇదే ఫాయిల్ కప్పే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఉప్పు, పులుపు ఉన్న కూర అటు స్టీలుకూ ఇటు ఫాయిల్‌కూ తగిలితే, బ్యాటరీలో జరిగే చర్య వంటిదే అక్కడ మొదలై, తెల్లవారేసరికి ఫాయిల్ మీద నల్లని చుక్కలు, బెజ్జాలు పడతాయి. ఎంత మందపు రోల్ అయినా దీనికి మినహాయింపు కాదు. మూత పెట్టుకోవడమే మంచిది.

ఇంట్లో వండేవారు ఈ పొట్లాన్ని మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, నిప్పురవ్వలు లేస్తాయి. ఓటీజీ లేనివారు దళసరి ఇనుప పెనం మీద సన్నని సెగకు పొట్లం పెట్టి, పైన లోతైన మూత బోర్లించి వండుకోవచ్చు. అడుగు కొంచెం ఎర్రగా వేగుతుంది, కొందరికి అదే నచ్చుతుంది. బొగ్గుల కుంపటిని మాత్రం వానాకాలమైనా సరే గదిలోకి, తలుపులు మూసిన వరండాలోకి తేకూడదు, ఎందుకంటే దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం మీదికి వస్తుంది.

ఆరుబయట అసలు చిక్కు ఫాయిల్‌ది కాదు, ఎండది. నల్గొండ ఎండలు ఎలా ఉంటాయో చెప్పనక్కరలేదు. ఇంట్లోనే మడిచిన పచ్చి చికెన్ పొట్లాలను కారు డిక్కీలో పెట్టుకుని డిండి జలాశయానికో నాగార్జునసాగర్‌కో బయలుదేరితే, చేరేలోపే మాంసం పాడయ్యే ప్రమాదం ఉంది. 32 డిగ్రీలు దాటిన వేడిలో పచ్చి మాంసాన్ని గంటకు మించి బయట ఉంచకూడదు. ఐసు నింపిన థర్మాకోల్ పెట్టె తప్పనిసరి. పొట్లాలను ఐసు నీటిలో తేలనివ్వకుండా విడిగా ఒక డబ్బాలో పెట్టాలి, లేకపోతే మడతల్లోంచి నీరు లోపలికి దిగుతుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో గానీ, సోమశిల వెళ్లే దారిలో కనిపించే నల్లమల అడవి అంచుల్లో గానీ నిప్పు రాజేయకూడదు. అడవిలో అది నేరం, ఎండాకాలంలో ఒక్క రవ్వ చాలు. అటు వెళ్లేవారు ఇంట్లో వండి, వేడిగా ఉండగానే తినేసి బయలుదేరడం మంచిది.

రోల్ పెట్టె గురించి ఒక మాట. మందపు ఫాయిల్‌ను కోయడానికి అట్ట అంచుకు అతికించిన రంపపు పళ్లు చాలడం లేదు. రోల్ సగం అయ్యేసరికి అట్ట మెత్తబడి, ఫాయిల్ ఏటవాలుగా చిరగడం మొదలైంది, దానితో ప్రతి పొట్లానికీ ఒక మూల పొట్టిగా వచ్చింది. పెట్టె రెండు చివర్లా లోపలికి నొక్కే చిన్న మడతలు ఉన్నాయి గాని, అవి రోల్‌ను పట్టి ఉంచేంత గట్టిగా లేవు. లాగినప్పుడల్లా రోల్ బయటికి దొర్లి వస్తుంది. ఇంత ధర పెట్టిన తరువాత కత్తెర వెతుక్కోవలసి రావడం చిరాకు కలిగిస్తుంది. కొనేటప్పుడు పెట్టె మీద మందం మైక్రాన్లలో రాసి ఉందో లేదో, ఆహార ప్యాకింగ్ ఫాయిల్‌కు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 15392 గుర్తు ఉందో లేదో చూడాలి. బరువు మాత్రమే రాసిన పెట్టెలను నేను తీసుకోను, ఎందుకంటే లోపలి అట్ట గొట్టాన్ని కూడా అందులో కలిపారో లేదో తెలియదు.

చపాతీల డబ్బాకు, బడి పిల్లల టిఫినుకు ఈ రోల్ కొనడం దండుగ. తోటలో, పొలం గట్టున నెలకొకసారైనా నిప్పుల మీద వండుకునే కుటుంబానికి ఇది పనికివస్తుంది. ఐదుగురికి ఒక పూట పొట్లాలకు రెండు మీటర్లకు పైగా ఫాయిల్ ఖర్చవుతుంది కాబట్టి పెద్ద రోలే తీసుకోవాలి. విప్పేటప్పుడు పొట్లాన్ని మొహానికి దూరంగా పెట్టి, పైన కత్తితో చిన్న గాటు పెట్టి ఆవిరి పోనివ్వాలి, పిల్లల పొట్లాలను పెద్దలే విప్పాలి. తిన్న తరువాత ఫాయిల్‌ను నిప్పుల్లో పడేస్తే కాలి బూడిద కాదు, మట్టిలో పూడ్చినా కుళ్లదు, మసాలా వాసనకు కుక్కలు దాన్ని తోటంతా ఈడ్చి చింపుతాయి. నీళ్లతో ఒకసారి తొలిచి, అన్నిటినీ కలిపి గట్టి ఉండగా నొక్కి ఇంటికి తెచ్చుకుంటే పాత సామాను కొనేవారికి వేయవచ్చు. జిడ్డుతో ఉన్నదాన్ని వారు ముట్టుకోరు.