సీసీఆర్ఎన్ సర్టిఫికెట్: నర్స్ అనస్థీషియా సీటుకు ఎంతవరకు అక్కరకొచ్చింది?

ఆంధ్రప్రదేశ్‌లో బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, అమెరికాలో నర్సు లైసెన్సుకు రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష రాసి టెక్సాస్‌కు వచ్చిన నేను, గుండె శస్త్రచికిత్స రోగులుండే ఐసీయూలో పనిచేస్తూ, ఐసీయూ నర్సుల నైపుణ్యానికి పరీక్ష పెట్టి ఇచ్చే సీసీఆర్ఎన్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. గడువు తీరినప్పుడు ఒకసారి పునరుద్ధరించుకున్నాను. దాన్ని చూపించి దరఖాస్తు చేసుకున్న నర్స్ అనస్థీషియా (మత్తు ఇచ్చే నర్సుల) కోర్సులోనే ఇప్పుడు చదువుతున్నాను. పరీక్ష నెగ్గిన ఉత్సాహంలో రాసే సమీక్షలు చాలానే ఉన్నాయి కనుక, ఇన్నాళ్లు వాడిన తర్వాత అది దేనికి పనికొచ్చిందో, దేనికి పనికిరాలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మన దేశంలో మత్తు ఇచ్చేది డాక్టర్లే కాబట్టి ఈ చదువు చాలామందికి కొత్తగా అనిపించవచ్చు. అమెరికాలో సీఆర్ఎన్ఏ అనే ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు మత్తు ఇస్తారు. ఆ కోర్సులో చేరడానికి నర్సింగ్ లైసెన్సుతో పాటు కనీసం ఏడాది పూర్తికాల క్రిటికల్ కేర్ (ఐసీయూ తరహా) అనుభవం ఉండాలి, 2022 నుంచి చేరే వారందరికీ అది డాక్టరేట్ స్థాయి చదువు. సీసీఆర్ఎన్‌ను అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ క్రిటికల్ కేర్ నర్సెస్ అనే సంఘం ఇస్తుంది. కొన్ని స్కూళ్లు దాన్ని తప్పనిసరి చేశాయి, మరికొన్ని ఉంటే మంచిదని మాత్రమే అంటాయి. పోటీ చూస్తే ఆ రెండో మాటను కూడా తప్పనిసరిగానే అర్థం చేసుకోవాలన్నది నా అభిప్రాయం.

పరీక్షకు కూర్చోవడానికి ఒక మార్గం, గత రెండేళ్లలో 1,750 గంటలు రోగుల దగ్గర నేరుగా పనిచేసి ఉండడం, వాటిలో 875 గంటలు చివరి ఏడాదిలోవి కావాలి. వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు చేసేవారికి ఇంచుమించు ఏడాదిలో ఆ లెక్క పూర్తవుతుంది. మూడు గంటల్లో 150 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి, మార్కులు 125 ప్రశ్నలకే ఉంటాయి, మిగిలిన 25 ఏవో మనకు చెప్పరు. నేను రాసినప్పుడు అయిదో వంతు ప్రశ్నలు వృత్తి విలువలు, నైతికత, కుటుంబసభ్యులతో వ్యవహరించే తీరు వంటి వాటిపై ఉన్నాయి. వాటిలో రెండు జవాబులు సమానంగా సరైనవే అనిపిస్తాయి, ఆ భాగం నాకు చివరిదాకా నచ్చలేదు.

ఇక అసలు ప్రయోజనం సర్టిఫికెట్ కాగితంలో కన్నా దాని కోసం చేసిన చదువులో ఉంది. ఐసీయూలో చేరిన కొత్తలో బీపీ పడిపోతే డాక్టరు ఆర్డరు ప్రకారం నార్‌ఎపినెఫ్రిన్ అనే బీపీ పెంచే మందు డ్రిప్ పెంచడం అలవాటవుతుంది, ఎందుకు పడిపోయిందన్న ప్రశ్న డాక్టరుదిగా ఉండిపోతుంది. ఈ పరీక్షకు చదివేటప్పుడు ఆ ప్రశ్న మనదవుతుంది. ఉదాహరణకు సగటు బీపీ 65 ఉన్న ఇద్దరు రోగులను తీసుకోండి. ఒకరికి సీవీపీ (గుండెకు దగ్గరి పెద్ద సిరలో ఒత్తిడి) 5, గుండె నిమిషానికి పంపే రక్తం 8 లీటర్లు. ఇంకొకరికి సీవీపీ 15, పంపే రక్తం రెండున్నర లీటర్లే. సగటు బీపీలోంచి సీవీపీ తీసేసి, పంపే రక్తంతో భాగించి, 80తో హెచ్చవేస్తే రక్తనాళాల నిరోధం వస్తుంది. మొదటివారికి 600, రెండోవారికి 1,600. మామూలుగా ఉండవలసింది 800 నుంచి 1,200. మానిటర్ మీద బీపీ ఒకటే అయినా, మొదటివారికి ఇన్ఫెక్షన్ వల్ల నాళాలు సడలిపోయి ఉండవచ్చు, రెండోవారికి గుండే చేతులెత్తేస్తోంది. ఈ లెక్కను పుస్తకంలో చదివి ఊరుకోకుండా, ప్రతి రాత్రి నా రోగుల అంకెలతో కాగితం మీద వేసుకునేదాన్ని.

స్కూలు ఇంటర్వ్యూలో అడిగింది కూడా ఇదే బాణీలో ఉంది. సెప్టిక్ షాక్‌లో (ఇన్ఫెక్షన్ వల్ల బీపీ ప్రమాదకరంగా పడిపోయిన స్థితిలో) ఉన్న రోగికి నార్‌ఎపినెఫ్రిన్ పెంచుతున్నా ఫలితం లేనప్పుడు వాసోప్రెసిన్ అనే మరో మందు ఎందుకు కలుపుతారని అడిగారు. అది పనిచేసే గ్రాహకాలు వేరని, రక్తంలో ఆమ్లత పెరిగి మిగతా మందులకు నాళాలు సరిగ్గా స్పందించనప్పుడు కూడా అది చాలావరకు పనిచేస్తుందని చెప్పగానే, ఆ ఆమ్లత, అంటే ఎసిడోసిస్, ఎందుకు వస్తుందో చెప్పమన్నారు. అక్కడి నుంచి లాక్టేట్ (ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం), ఆక్సిజన్ సరఫరా అంటూ తీగ లాగుతూనే ఉన్నారు. ప్రశ్నల బ్యాంకులు బట్టీపట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నవారు రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతారు.

నేను ఊహించని లాభం ఇంకొకటుంది. సర్టిఫికెట్ వచ్చాక షిఫ్టులో పని పంచే చార్జ్ నర్సులు ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం), సీఆర్‌ఆర్‌టీ (నిరంతర డయాలసిస్) మీద ఉన్న రోగులను నాకు ఎక్కువగా అప్పగించసాగారు. ఆ రోగుల దగ్గర నా పని చూసిన వైద్యులే తర్వాత సిఫారసు లేఖలు రాశారు కాబట్టి, అవి నాలుగు మంచి మాటలతో సరిపెట్టినట్టు కాకుండా నిర్దిష్టంగా వచ్చాయి.

అయితే సీసీఆర్ఎన్ పూడ్చలేని లోటు విదేశాల్లో చదివినవారికి ఒకటుంది, అది మార్కులది. చాలా స్కూళ్లు 4కు లెక్కగట్టే సగటు గ్రేడు (జీపీఏ) 3.0కు తక్కువైతే దరఖాస్తును పక్కన పెట్టేస్తాయి. మన మార్కుల జాబితాను ముందు అమెరికా లెక్కలోకి మార్పించాలి, దానికి మన కాలేజీ సీలు వేసిన కవరులో ట్రాన్స్‌క్రిప్టులు పంపాలి. నా కవరు కదలడానికి మా నాన్నగారు కాలేజీ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో చెప్పలేను. సైన్సు సబ్జెక్టులు పాతబడితే ఒప్పుకోని స్కూళ్లు కూడా ఉన్నాయి. అందుకే నేను ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో కెమిస్ట్రీ, ఫిజియాలజీ మళ్లీ చదివాను. నా దరఖాస్తుకు ఆ రెండు గ్రేడ్లు సీసీఆర్ఎన్ కన్నా ఎక్కువ బలమిచ్చాయని ఇప్పటికీ నమ్ముతున్నాను. సీఆర్ఎన్ఏ వెంట ఆపరేషన్ థియేటరులో గడిపిన రోజులకూ ఈ సర్టిఫికెట్ బదులు కాదు. అక్కడికి వెళ్లకుండా ఈ వృత్తి ఎందుకు కావాలో చెప్పడం కష్టం.

అందువల్ల అయిదుకు నాలుగు ఇస్తాను. చేతిలో ఒక్క ఏడాదే ఉండి, గ్రేడ్లు తక్కువగా ఉన్నవారు ముందు కెమిస్ట్రీ క్లాసులో చేరాలి, ఈ పరీక్ష తర్వాత రాసుకోవచ్చు. గ్రేడ్లు బాగున్నవారు మాత్రం గంటలు పూర్తికాగానే రాయడం మేలు. సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది, పునరుద్ధరణకు ఆ మూడేళ్లలో 432 గంటల పని, 100 పాయింట్ల నిరంతర విద్య చూపాలి, లేదా ఆ పాయింట్ల బదులు పరీక్ష మళ్లీ రాయాలి. కోర్సులో పడ్డాక ఐసీయూలో అన్ని గంటలు చేయడం కుదరదు, సీఆర్ఎన్ఏ పరీక్షకు దీని అవసరమూ లేదు. కాబట్టి ఈసారి గడువు తీరితే నేను పునరుద్ధరించుకోవడం లేదు.